వరుస ఏమని చెప్పాలి? వరంగల్‌లో కలిసి ఉండాలనుకునే గే జంటలకు

హైదరాబాద్‌లో ఇద్దరు మగవాళ్లు కలిసి ఫ్లాట్ తీసుకుంటే వాచ్‌మన్ అడిగేది మెయింటెనెన్స్ ఎవరు కడతారనే. హన్మకొండలో ఇల్లు చూడబోతే ఓనరమ్మ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాత అడుగుతుంది: "మీరిద్దరు ఏమైతరు బిడ్డా?" అందులో అనుమానమేమీ ఉండదు. మన దగ్గర మనిషిని పిలవాలంటే వరుస కావాలి. అన్న, బావ, కాక, చిన్నాయిన, ఏదో ఒకటి తగిలిస్తే గానీ ముచ్చట ముందుకు సాగదు. మీ జంటకు ఆ వరుసల్లో పేరు లేదు, చట్టంలోనూ లేదు. సొంతూరికి వచ్చి ఉండాలా వద్దా అన్న ఆలోచనలో సగం ఈ ఖాళీని ఏం చేస్తారన్నదే. మిగతా సగం కిరాయి, కాగితాలు, ఆస్పత్రి.

కింద రాసింది ఎక్కువగా ఇద్దరు మగవాళ్ల జంటను దృష్టిలో పెట్టుకుని. ఆడవాళ్ల జంటకు తేడా వచ్చేచోట ఆ సంగతి విడిగా చెప్పాం.

1. ఎవరి ఊరో ముందు తేల్చుకోండి

"మనూరికి పోదాం" అనే మాట ఇద్దరిలో ఒకరిదే. రెండో మనిషి వస్తున్నది పరాయి ఊరికి. గొడవ పడ్డ రాత్రి ఒకరికి తల్లిగారిల్లు ఉంటుంది, ఇంకొకరికి సికింద్రాబాద్ రైలు మాత్రమే ఉంటుంది. చాలా జంటలు చెడేది ఊరి వల్ల కాదు, ఈ తేడా గురించి ముందే మాట్లాడుకోకపోవడం వల్ల. అందుకని మొదట నిర్ణయించే హక్కు రెండోవాడికి ఇవ్వండి. అతను వద్దంటే ఆ మాట అక్కడితో ఆగాలి.

ఎక్కడ ఉండాలన్నదానికి నాలుగు దారులున్నాయి. అమ్మానాన్నల ఇంట్లోనే పై పోర్షన్‌లో ఉండటం అన్నింటికన్నా చెడ్డది. కిరాయి మిగులుతుంది గానీ తలుపు మీ చేతిలో ఉండదు. రెండోది అదే నగరంలో దూరంగా ఉండటం. ఇంటివాళ్లు మట్టెవాడలోనో శివనగర్‌లోనో ఉంటే మీరు కాజీపేట, నయీంనగర్, వడ్డేపల్లి వైపు చూడండి. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, రైల్వే వల్ల అక్కడ బదిలీ మీద వచ్చేవాళ్లు, చదువుకునేవాళ్లు ఏడాదికోసారి మారుతుంటారు. కొత్త మొహం కనిపిస్తే ఆరా తీసే ఓపిక ఎవరికీ ఉండదు. మూడోది ఇద్దరిదీ కాని ఊరు. మీది వరంగల్ అయితే కరీంనగర్, మీది కరీంనగర్ అయితే హన్మకొండ. మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లు. అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే బస్సెక్కి రెండు గంటల్లో ఇంట్లో ఉంటారు, మామూలు రోజు మేనత్త తలుపు కొట్టదు. మా ఓటు దీనికే. నాలుగోది హైదరాబాద్‌లోనే ఉండి శని, ఆదివారాలు వచ్చిపోవడం. దాన్ని ఓటమిగా చూడాల్సిన పని లేదు.

పల్లెటూరు గురించి ఒక్క మాట. పొలం, ఇల్లు ఉన్నా మొదటి రెండేళ్లు అటు వెళ్లొద్దు. పల్లెలో కిరాయిదారు అనే మనిషే ఉండడు. ఉంటే చుట్టం ఉండాలి, లేదా పనివాడు ఉండాలి.

2. మూడు గళ్ల కాగితం

ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. మనిషి పేరు, వాళ్లకు ఇప్పటికి తెలిసింది, మనం చెప్పబోయేది. ఇద్దరూ విడివిడిగా రాసి ఆ తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు "అక్కకు తెలుసు" అని రాస్తారు, ఇంకొకరు "అక్క ఊహించింది, ఎప్పుడూ అడగలేదు" అని రాస్తారు. ఈ రెండూ ఒకటి కావు. ఊహించినావిడ రేపు పదిమందిలో "నాకేం తెల్వదు" అనగలదు. తెలిసినావిడ అలా అనలేదు. గళ్లు కలవని చోటల్లా ముందే మాట్లాడుకుంటే సగం గొడవలు పుట్టవు.

చుట్టరికం మాత్రం కల్పించొద్దు. అందరూ చేసే తప్పు ఇదే. "మా మేనబావ" అని చెబితే రెండు నిమిషాల్లో ఇంటిపేరు అడుగుతారు, ఊరడుగుతారు. ఆ ఇంటిపేరు వాళ్లు నర్సంపేటలో ఎవరో ఉంటారు, అక్కడికక్కడే ఫోన్ కలుపుతారు. ఇద్దరి కులాలు వేరైతే బండారం మొదటి వారమే బయటపడుతుంది. అబద్ధం తేలిపోయాక మిగిలేది "మరి ఎందుకు దాచిండ్రు?" అన్న ప్రశ్న. అది అసలు ప్రశ్న కన్నా చెడ్డది.

నిజంలోంచే ఒక ముక్క చెప్పండి. "కలిసి చదువుకున్నం, ఎన్నేండ్ల నుంచో ఒక్క దగ్గర్నే ఉంటున్నం." అంతకు మించి వివరం ఇవ్వొద్దు, ఇద్దరూ అదే మాట చెప్పండి. మగవాళ్లు రూము పంచుకుని ఉండటం ఇటువైపు కొత్త కాదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో గల్ఫ్‌లో ఒకే రూములో పదేళ్లు ఉండి వచ్చిన మగవాళ్లు లేని గల్లీ ఉండదు. రూమ్మేట్ అన్న మాట ముప్పై దాటిన మూడు నాలుగేళ్ల వరకు పనిచేస్తుంది. తర్వాత అరిగిపోతుంది. ఆపాటికి చుట్టుపక్కల వాళ్లే మీకు ఏదో ఒక వరుస కలిపేసి ఉంటారు, సాధారణంగా అన్నదమ్ముల వరుస. దాన్ని ఖండించాల్సిన పని లేదు. అయితే ఇంట్లో ఆ వరుస తలుచుకుని నవ్వుకునేటప్పుడు ఇద్దరికీ అది నవ్వుగానే ఉందో లేదో మధ్యమధ్యలో కనుక్కుంటూ ఉండండి. ఒకరికి అది ముల్లులా గుచ్చుతూ ఉండొచ్చు.

లగ్గం మాట వచ్చినప్పుడు గడువు పెట్టొద్దు. "ఇంకో రెండేండ్లు ఆగుండ్రి" అంటే సరిగ్గా రెండేళ్లకు ఫొటో పట్టుకుని వస్తారు. "చేసుకోనని అనుకున్న, అమ్మకు చెప్పిన" అని ఒకే వాక్యం అనుకోండి. కారణం అడిగినా అదే వాక్యం. విసుగొచ్చి పేరయ్య వేరే ఇల్లు చూసుకుంటాడు. ఇంటివాళ్ల నోరు మూయించడానికి ఓ ఆడపిల్లను చేసుకుని, ఇది పక్కన నడిపిద్దామనే ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే ఈ వ్యాసం మీకు కాదు.

ఎవరికి మొదట చెప్పాలి? తల్లిదండ్రులకు కాదు. అక్క, వదిన, పెద్దనాన్న కొడుకు, ఎవరైనా సరే, గంటలో మీ ఇంటికి రాగలిగిన ఒక మనిషికి చెప్పండి. రేపు వీలునామా మీద సాక్షి సంతకం పెట్టేది, ఆస్పత్రిలో "ఇతన్ని లోపలికి పంపండి" అనేది ఆ మనిషే. ఇద్దరి వైపు నుంచీ ఒక్కొక్కరు ఉంటే చాలు. ఒక్కరు కూడా లేకపోతే ఊరు మారడం వాయిదా వేయండి.

3. డబ్బు

ఆరు నెలల ఖర్చు ఎవరిది వారి ఖాతాలో, ఉమ్మడిగా కాకుండా, విడిగా ఉండాలి. నాన్న దుకాణంలోనో బాబాయి కాంట్రాక్టులోనో పని ఒప్పుకుని రావొద్దు. ఇంట్లో తెలిసిన రోజు జీతం కూడా ఆగుతుంది. మడికొండ ఐటీ పార్కులోనో, ఇంటి నుంచి చేసే ఉద్యోగమో దొరికితే రాజీనామా ఇచ్చే ముందు పాత కంపెనీ ఆరోగ్య బీమా చూడండి. కొన్ని పెద్ద కంపెనీలు ఒకే జెండర్ పార్ట్‌నర్‌ను కూడా పాలసీలో చేరుస్తాయి. ఇక్కడి ఉద్యోగంలో అది పోతే ఇద్దరూ విడివిడిగా పాలసీ తీసుకోవాలి. మానేశాక కాదు, మానేయకముందే తీసుకోండి. కొత్త పాలసీల్లో పాత జబ్బులకు ఎదురుచూసే కాలం ఉంటుంది.

4. మూడు నెలలు ఉండి చూడండి

శనివారం వచ్చి ఆదివారం పోయే రాకపోకలు నమ్మొద్దు. అప్పుడు మీరు అతిథులు, అందరూ బాగానే ఉంటారు. మూడు నెలలు కిరాయికి ఉండండి, అందులో దసరా తప్పకుండా రావాలి. బతుకమ్మ తొమ్మిది రోజులు ఊరంతా వాకిట్లోనే ఉంటుంది. పద్మాక్షి గుట్ట వైపు పోయే దారిలో మీకు తెలిసిన ప్రతి ఆడమనిషీ కనబడుతుంది. దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి అలయ్‌బలయ్ ఇచ్చుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతారు. ఊరు మీ మీద వేసే బరువు ఎంతో ఆ పది రోజుల్లో తెలిసిపోతుంది.

మూడో నెలాఖరున విడివిడిగా రాయండి. చుట్టాలొచ్చినప్పుడు రెండో మంచం ఎన్నిసార్లు పరిచాం? ఇంట్లో ఏ గదిలోకి వెళ్తే గొంతు తగ్గుతోంది? పరాయి ఊరి నుంచి వచ్చిన మనిషి, మొదటివాడు పక్కన లేకుండా, ఈ నెలలో ఎవరితో కూర్చుని చాయ్ తాగాడు? మూడో ప్రశ్నకు పేరు రాయలేకపోతే అతనికి ఆ ఊరు ఇంకా జైలే.

5. ఇల్లు

కింద ఓనరు, పైన మీరు అనే ఇల్లు మన దగ్గర ఎక్కువ దొరుకుతుంది, కిరాయి కూడా తక్కువ. తీసుకుంటే మెట్లు బయటి నుంచి ఉన్నదే తీసుకోండి. వరండాలోంచి మెట్లున్న ఇంట్లో మీరు ఎన్నింటికి వచ్చారో, ఎవరితో వచ్చారో ఓనరుకు లెక్క ఉంటుంది. అపార్ట్‌మెంట్ దొరికితే అదే మేలు. "ఫ్యామిలీలకే" అన్న బోర్డు చూసి వెనక్కి రావొద్దు. ఆ మాటకు అర్థం తాగి గొడవ చేసే పోరగాళ్లు వద్దని. ఇద్దరి ఉద్యోగ గుర్తింపు కార్డులు చూపించి, పెళ్లయిన సహోద్యోగి ఒకరిని వెంట తీసుకెళ్తే చాలావరకు ఇస్తారు. ఒకరి పేరు మీద తీసుకుని రెండోవాడిని తర్వాత మెల్లగా తెచ్చిపెట్టడం మాత్రం చేయొద్దు. అప్పుడు అతను ఎప్పటికీ "వచ్చిపోయే అబ్బాయే".

రెండు పడకగదులు ఉండాల్సిందే. రెండో గది వాడుతున్నట్టు ఉండాలి. మంచం మీద మడత విప్పని దుప్పటి అలాగే ఉంటే పనమ్మ వారంలో గమనిస్తుంది. ఆమెకు దురుద్దేశమేమీ ఉండదు. నాలుగిళ్లలో పనిచేసే మనిషి నాలుగిళ్ల ముచ్చట్లు మోయకుండా ఉండదు. ఆ గదిలో బట్టల స్టాండు, ఛార్జరు, సగం చదివిన పేపరు పడేసి ఉంచండి. లేదా మొదటి ఆరు నెలలు మీ పని మీరే చేసుకోండి.

అగ్రిమెంటు ఇద్దరి పేర్ల మీదా రాయించండి. మామూలుగా 11 నెలలకే రాస్తారు. రెండు పేర్లూ ఉంటే ఒకరు ఆస్పత్రిలో పడ్డా, ఒకరిని ఇంటివాళ్లు తీసుకుపోయినా రెండోవాడు ఆ ఇంట్లో ఉండటానికి హక్కున్న మనిషే. ఆ కాగితమే తర్వాత ఉమ్మడి చిరునామాకు రుజువుగా కూడా పనికొస్తుంది. అడ్వాన్సు ఫోన్‌లోనే పంపండి, నగదు ఇస్తే రసీదు తీసుకోండి.

ఒక చిన్న లాభం ఉంది. మీరిద్దరూ చట్టానికి పరాయివాళ్లు కాబట్టి, ఇల్లు ఒకరి సొంతమైతే రెండోవాడు నిజంగా కిరాయి చెల్లించి పాత పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మినహాయింపు అడగొచ్చు. కిరాయి తీసుకున్నవాడు దాన్ని ఆదాయంలో చూపించాలి.

6. కాగితాలు

చట్టం ఎక్కడుందో ముందు చూసుకోండి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్‌ను ఇష్టపడ్డ వయోజనుల మధ్య సంబంధానికి వర్తించకుండా చేసింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. అంటే మీరు కలిసి ఉండటం నేరం కాదు. కానీ 2023 అక్టోబరు 17 తీర్పులో పెళ్లి హక్కు ఇవ్వడానికి అదే కోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి ఒకరికి ఏదైనా అయితే రెండోవాడు కాగితం మీద ఎవరూ కాదు. ఆ ఖాళీని కాగితాలతో ఒక్కొక్కటిగా పూడ్చుకోవాలి.

బ్యాంకుతో మొదలుపెట్టండి, తేలిక అదే. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది: క్వీర్ (గే, లెస్బియన్ తదితర) జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, పార్ట్‌నర్‌ను నామినీగా పెట్టడానికి ఏ అడ్డూ లేదు. నిజానికి ఏ ఇద్దరికైనా ఉమ్మడి ఖాతా ఇవ్వొచ్చు. కౌంటర్లో "సంబంధం" గడి దగ్గర ఆగితే "ఫ్రెండ్" అని రాయండి, ప్రసంగం అక్కర్లేదు. "ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు" నడిపే పద్ధతినే ఎంచుకోండి. ఆ ఖాతాలో ఇంటి ఖర్చు మాత్రమే ఉంచండి.

అయితే నామినీ అంటే వారసుడని అనుకోవడం పెద్ద పొరపాటు. బ్యాంకు డబ్బు నామినీ చేతికి ఇస్తుంది, అది ఎవరికి చెందాలన్నది వారసత్వ చట్టం చూసుకుంటుంది. వీలునామా లేకుండా పెళ్లికాని హిందూ మగవాడు పోతే ఆస్తి మొదట తల్లికి వెళ్తుంది. తల్లి లేకపోతే తండ్రికి, ఆ తర్వాత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వరుస వస్తుంది. మీ పార్ట్‌నర్ ఆ వరుసలో ఎక్కడా రాడు. ప్రావిడెంట్ ఫండ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఆధారపడిన తల్లిదండ్రులు కుటుంబం కిందికి వస్తారు. కుటుంబం ఉన్నవాళ్లు బయటి మనిషిని నామినీగా రాస్తే ఆ నామినేషన్ చెల్లదు. పీఎఫ్ అమ్మకే వదిలేసి, పార్ట్‌నర్‌కు మిగతా చోట్ల సర్దండి. అమ్మకు ఏదో ఒకటి రాసి ఉంచడం రేపు వీలునామా మీద గొడవ తగ్గడానికి కూడా పనికొస్తుంది. టర్మ్ బీమా కంపెనీల్లో కొన్ని బంధువు కాని నామినీని ఒప్పుకోవు. ఫారం నింపకముందే అడిగి తెలుసుకోండి.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రాసినవారి సంతకం, దాన్ని చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ మీరు చేయించండి. మీ వీలునామాను సవాలు చేసేవాళ్లు పుట్టుకొస్తారని ఇప్పుడే అనుకోవాలి. వాళ్లు అనేది ఒకటే: "మావాడికి మతి సరిగ్గా లేదు, మాయచేసి రాయించుకున్నడు." అందుకే అదే రోజు డాక్టరు దగ్గర మనసు నిలకడగా ఉందని సర్టిఫికెట్ తీసుకుని జత చేయండి. పార్ట్‌నర్ ఆ గదిలో లేకుండా సంతకం పెట్టండి. సాక్షులుగా మీకన్నా చిన్నవాళ్లను, ఆస్తిలో భాగం రానివాళ్లను పెట్టుకోండి. ఇంటివాళ్లకు ఎందుకు ఇవ్వడం లేదో, లేదా ఎంత ఇస్తున్నారో ఒక వాక్యంలో రాయండి. మరిచిపోయి వదిలేశారన్న వాదనకు అక్కడే తెర పడుతుంది.

ఇల్లు కొంటే మొదటి రోజే సేల్ డీడ్‌లో రెండు పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయించండి. ఒకరి పేరు మీద కొని తర్వాత సగం గిఫ్టుగా ఇద్దామనుకుంటే రెండుసార్లు ఖర్చు పెడతారు. మళ్లీ స్టాంపు డ్యూటీ ఒకటి. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మీరు బంధువులు కాదు కాబట్టి 50,000 రూపాయలు దాటిన బహుమతి పుచ్చుకున్నవాడి ఆదాయంలో కలవడం రెండోది. హోమ్ లోన్‌కు చాలా బ్యాంకులు దగ్గరి కుటుంబసభ్యులనే కలిపి తీసుకుంటాయి. నాలుగైదు బ్యాంకులు అడిగాకే అడ్వాన్సు కట్టండి.

రేషన్ కార్డు విషయంలో, క్వీర్ జంటను ఒకే ఇంటివాళ్లుగా చూడమని 2024లో కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. మీసేవ కౌంటర్లో ఆ సంగతి తెలిసి ఉంటుందని ఆశపడొద్దు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నాటి కేంద్ర ప్రకటన ప్రింటు తీసుకెళ్లండి.

7. ఆస్పత్రి ఫైలు

ఐసీయూ తలుపు సగం తెరిచి నర్సు అరుస్తుంది: "పేషెంట్ తాలూకు ఎవరు?" పదిమంది లేస్తారు. మీవాడు లేచి తలుపు దగ్గరికి వెళ్తే రెండో ప్రశ్న వస్తుంది: "మీరేమైతరు?" ఓనరమ్మ అడిగిందే, కానీ ఇక్కడ నెమ్మదిగా వరుస తేల్చే తీరిక ఉండదు.

జీపీఏ (మన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) రాయించుకుంటే అన్నీ అయిపోతాయని చాలామంది నమ్ముతారు. కావు. రాసిన మనిషి మతి తప్పినా, పోయినా జీపీఏ అక్కడితో ముగుస్తుంది. సరిగ్గా మీకు అవసరమయ్యే వేళకే అది చచ్చుబడుతుంది. దాని బదులు చేయాల్సినవి రెండు. ఒకటి, ముందస్తు వైద్య నిర్దేశం. ఇక కోలుకోని స్థితిలో చికిత్స ఎంతవరకు అన్నది ముందే రాసిపెట్టే కాగితం ఇది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు పద్ధతి తేలిక చేశాక ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ధ్రువీకరణ ఉంటే సరిపోతుంది. మీ తరఫున మాట్లాడే సంరక్షకుడి పేరు అందులో రాయాలి, అక్కడ పార్ట్‌నర్ పేరు రాయొచ్చు. రెండోది, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నామినేటెడ్ రిప్రజెంటేటివ్ కాగితం. మామూలు తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. మానసిక చికిత్స విషయంలో మీ తరఫు మనిషి ఎవరో అది చెబుతుంది. ఇంటివాళ్లు "వీణ్ని మార్చండి" అంటూ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లే ప్రమాదం ఉన్నవాళ్లు ఇది ఈ వారమే రాసుకోండి. మార్చే వైద్యం పేరుతో ఏం చేసినా అది డాక్టరు వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

మామూలు ఆపరేషన్లకు ఈ గొడవ లేదు. స్పృహలో ఉన్న వయోజనుడి సంతకమే అసలు సమ్మతి. చేరేటప్పుడే కేస్ షీట్‌లో "సమాచారం ఇవ్వాల్సిన మనిషి" గడిలో పార్ట్‌నర్ పేరు, ఫోన్ నంబరు మీ చేత్తో రాయండి.

ఫైలులో ఉంచాల్సినవి: రెండు ఆధార్ నకళ్లు, ఇద్దరి పేర్లున్న కిరాయి అగ్రిమెంటు, పై రెండు కాగితాలు, బీమా కార్డులు, రక్తం గ్రూపు, వాడే మందుల పేర్లు మోతాదుతో, ఆ ఒక్క చుట్టం నంబరు. ఎర్ర ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి బీరువాలో కాకుండా బండి తాళాలు తగిలించే చోట వేలాడదీయండి. అర్ధరాత్రి ఎంజీఎం ప్రభుత్వాస్పత్రికో ప్రైవేటుకో పరిగెత్తేటప్పుడు చేతికి అందేది అదే. ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

చావు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు పార్ట్‌నర్‌కు దేహం అప్పగించవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో రాష్ట్రాలకు రాసింది. బంధువులు ఉంటే వాళ్లదే ముందు మాట. కొరివి ఎవరు పెట్టాలన్నది వీలునామాతో తేలదు. బతికుండగానే ఆ చుట్టానికి నోటితో చెప్పి ఉంచాలి.

హెచ్‌ఐవీ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 1097కు ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం చెబుతారు. తెలిసినవాళ్లు కనిపిస్తారని భయమైతే పక్క జిల్లాకు వెళ్లండి. వివరాలు బయటపెట్టడం 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తప్పు.

8. లగ్గాలు

పెళ్లిలో కట్నాలు (చదివింపులు) రాసే బల్ల దగ్గర జాగ్రత్త. అక్కడ కూర్చున్న మనిషి కవరు తీసుకుని పేరు, ఊరు, రూపాయలు గట్టిగా చదివి పుస్తకంలో రాస్తాడు. ఒక కవరు మీద రెండు పేర్లుంటే అది ఒక ఇంటి కట్నం. రేపు వాళ్లు మీ ఇంటికి కట్నం తిరిగిపెట్టేటప్పుడు ఆ పుస్తకమే తీస్తారు. కాబట్టి ఒక కవరు, రెండు పేర్లు అన్నది ఊళ్లో మీరిచ్చే మొదటి ప్రకటన. సిద్ధంగా ఉంటే చేయండి, ఎవరూ ఏమీ అనరు, పుస్తకంలో మాత్రం ఉంటుంది. సిద్ధంగా లేకపోతే రెండు కవర్లు. పొరపాటున మాత్రం జరగనివ్వొద్దు.

9. ఫోను

చిన్న ఊళ్లో డేటింగ్ యాప్‌లో మీరు ఎంత దూరంలో ఉన్నారో చూపించే అంకె మీ ఇల్లు పట్టిస్తుంది. దూరం చూపించడం ఆపేయండి, మొహం ఫొటో పెట్టొద్దు. కొత్తవాళ్లను ఇంటికి పిలవకుండా మొదటిసారి జనం ఉన్న హోటల్లోనే కలవండి. ఫొటోలు బయటపెడతామని డబ్బు అడిగితే మొదటి వెయ్యి కూడా ఇవ్వొద్దు. ఇచ్చినవాణ్ని వదలరు. సంభాషణ, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి, ఫిర్యాదులో మీ జీవితం రాయక్కర్లేదు: "ఫొటోలు బయటపెడతామని బెదిరించి డబ్బు అడుగుతున్నారు." భారతీయ న్యాయ సంహిత 308 సెక్షన్‌కు అది చాలు. స్టేషన్‌లో వెకిలిగా మాట్లాడతారన్న భయముంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును వెంట తీసుకెళ్లండి, 15100కు ఫోన్ చేస్తే చెబుతారు.

10. ఇంట్లోవాళ్లు అడ్డం తిరిగితే

ఆడవాళ్ల జంటలకు ఇది ఎక్కువ. ఉద్యోగస్తులైన ఇద్దరమ్మాయిలు కలిసి ఉంటే ఓనర్లకు అభ్యంతరం ఉండదు, కానీ అన్నలు, మేనమామలు తలుపు కొట్టడానికి సంకోచించరు. ఇల్లు వదిలి రావాల్సి వస్తే బంగారం ముట్టుకోవద్దు. దొంగతనం కేసుకు అదే ఆధారం చేస్తారు. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకోండి. "నేను మేజర్‌ను, నా ఇష్టంతో వెళ్తున్నాను, నన్నెవరూ తీసుకెళ్లలేదు" అని రాసి స్థానిక స్టేషన్‌కు, కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మిస్సింగ్ కేసు, కిడ్నాప్ కేసు పెట్టినా ముందుకు సాగనివ్వనిది ఆ రసీదే. పుట్టింట్లో కొట్టినా బంధించినా 2005 గృహహింస చట్టం కూతుళ్లకూ వర్తిస్తుంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి చెప్పొచ్చు.

ఒకరిని ఇంట్లో బంధిస్తే రెండోవారు హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేయొచ్చు. ఇలాంటి కేసుల్లో ఆ మనిషితో విడిగా మాట్లాడాలని, మనసు మార్చే కౌన్సెలింగ్‌కు పంపొద్దని 2024 మార్చి 11న సుప్రీంకోర్టు కోర్టులకు చెప్పింది. అక్కడ "నువ్వు ఏమైతవు" అన్న ప్రశ్నకు "స్నేహితుణ్ని" అన్నా సరిపోతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మానసిక సాయం హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

11. వెళ్లిపోవాలనుకుంటే

ఊరు సరిపడకపోతే వెళ్లడానికి కారణాలు పోగేసుకోవద్దు. అగ్రిమెంటులో నెల ముందు చెప్పాలని ఉంటే రాతపూర్వకంగా చెప్పండి, ఫోన్ మెసేజ్ అయినా సరే. వీలునామా, నిర్దేశం కాగితాలు ఊరు మారినా చెల్లుతాయి, చిరునామా మాత్రం సరిచేసుకోండి. చేరేటప్పుడే గోడల ఫొటోలు తీసి ఉంచండి. అడ్వాన్సులోంచి సున్నం ఖర్చని నెల కిరాయి పట్టుకోవడం ఇక్కడి అలవాటు, ఆ లెక్క మొదటి రోజే మాట్లాడుకుంటే మంచిది.